రీఫ్ ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ అదుపు: ఏ ఫిల్టర్ మీడియా, ఎప్పుడు, ఎంత వేయాలి

"ట్యాంకు పెట్టి ఆరు నెలలైంది, రాళ్ల మీద జుట్టు నాచు పట్టేసింది, ఏ మీడియా వేయమంటారు?" ఇంట్లో కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంకు ఉన్నవాళ్లు విజయవాడ, గుంటూరు నుంచి వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. మీడియా అంటే నీళ్లని శుభ్రం చేయడానికి ఫిల్టర్‌లో వేసే పదార్థం. నేను తిరిగి మూడు అడుగుతాను. ఫాస్ఫేట్ ఎంత? నైట్రేట్ ఎంత? రోజూ పోసే నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క) ఎంత? మూడూ చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆ మూడు తెలియకుండా మీడియా కొంటే డబ్బులు పోతాయి, ఒక్కోసారి కోరల్స్ కూడా పోతాయి.

పోషకాలు (అంటే ఈ నైట్రేట్, ఫాస్ఫేట్) ఎక్కువై చచ్చిపోయిన కోరల్స్ కంటే, వాటిని నాలుగు రోజుల్లో సున్నాకి లాగేయడం వల్ల పోయినవే నేను ఎక్కువ చూశాను. అందుకే ఇక్కడ ప్రతి అడుగులో ఒక పద్ధతి పాటిస్తున్నా: ముందు కొలవడం, తర్వాత లోపలికి వచ్చేది తగ్గించడం, ఆ తర్వాతే మీడియా, అది కూడా ఒకసారికి ఒకటే, తక్కువ మోతాదుతో.

లెక్కలన్నీ 200 లీటర్ల నీళ్లకి చెబుతున్నా, పటమటలో మా ఇంట్లో ఉన్న ట్యాంకు అంతే. మీది పెద్దదైతే దానికి తగ్గట్టు పెంచుకోండి. సంపు అన్నప్పుడల్లా ట్యాంకు కింద ఫిల్టర్లు ఉండే గాజు పెట్టె అని అర్థం, ఇంటి ముందు నీళ్ల సంపు కాదు.

1. ముందు కొలవండి

నైట్రేట్‌కి సాలిఫర్ట్ లాంటి కిట్ సరిపోతుంది. ఫాస్ఫేట్‌కి మాత్రం రంగు చూసి పోల్చే కిట్లు వద్దు. 0.03 పీపీఎంకి (లీటరుకి మిల్లీగ్రాములు), 0.1కి మధ్య ఉండే నీలం తేడా ట్యూబ్‌లైట్ కింద మన కంటికి ఆనదు. హన్నా చెకర్ లాంటి డిజిటల్ మీటరు ఖరీదే, కానీ ఈ పనిలో ఒక వస్తువు మీద ఖర్చు పెట్టాలంటే నేను దాని మీదే పెడతాను.

రెండు చోట్ల చాలామంది తప్పులో పడుతున్నారు.

హన్నాలో ఒక రకం ఫాస్ఫరస్‌ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. వచ్చిన అంకెని 3.07తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. అంటే మీటరు 25 చూపిస్తే ఫాస్ఫేట్ దాదాపు 0.077. అలాగే కొన్ని నైట్రేట్ కిట్లు నైట్రేట్‌లోని నైట్రోజన్‌ని మాత్రమే చూపిస్తాయి. దాన్ని 4.4తో గుణించాలి. కిట్ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. మొన్న బ్రాడీపేట స్నేహితుడొకరు 5 ఉందని నిశ్చింతగా ఉన్నారు, తీరా చూస్తే అది 22.

సాఫ్ట్ కోరల్స్, ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌లుండే రాతి కోరల్స్) కలిసి ఉన్న ట్యాంకుకి నేను పెట్టుకునే గురి ఇది:

- నైట్రేట్: 5 నుంచి 10 పీపీఎం
- ఫాస్ఫేట్: 0.03 నుంచి 0.1 పీపీఎం
- రెండింట్లో ఏదీ సున్నా కాకూడదు

రెండు వారాల పాటు మూడు రోజులకోసారి, ఒకే సమయంలో, మేత వేయకముందు కొలిచి పుస్తకంలో రాయండి. ఒక్క రీడింగ్ చూసి ఏదీ కొనొద్దు.

2. మీరు పోసే నీళ్లు చూడండి

మన ఊళ్లలో సగం సమస్య ఇక్కడే ఉంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతున్నా.

మేలో బెజవాడ ఎండకి, ట్యాంకు మీద ఫ్యాను తిరుగుతుంటే, 200 లీటర్ల ట్యాంకులో రోజుకి ఐదు లీటర్లు సులువుగా ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. అందులో ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా అన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. బోరు నీళ్లలో నైట్రేట్ 10 ఉందనుకుందాం. రోజుకి ఐదు లీటర్లు పోస్తే 50 మిల్లీగ్రాములు చేరినట్టు, అంటే ట్యాంకులో రోజుకి 0.25 పీపీఎం, నెలకి ఏడున్నర. మీరు చేపలకి గింజ మేత వేయకపోయినా ఇది పెరుగుతూనే ఉంటుంది.

తాగే నీళ్లే కదా అంటారు. తాగునీటికి మన దేశ ప్రమాణం నైట్రేట్‌ని 45 దాకా ఒప్పుకుంటుంది. మనకి పర్వాలేదు, కోరల్స్‌కి అది చాలా ఎక్కువ.

వంటింటి ఆర్‌వో వాడుతున్నాం అనేవాళ్లు ఇంకా ఎక్కువ. దాంట్లో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది, అది శుద్ధి చేసిన నీళ్లలో పచ్చి నీళ్లు కొంచెం కలుపుతుంది. గ్లాసులో మీటరు పెట్టి చూస్తే 50, 60 కనిపించేది అందుకే. ట్యాంకుకి కావాల్సింది ఆర్‌వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన ఉప్పుల్ని పట్టుకునే గుళికలు) గుండా వచ్చిన, మీటరు 0 చూపించే నీరు.

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఆర్‌వో మెంబ్రేన్ గుండా ఉప్పులు ఎక్కువ జారిపోతాయి, రెజిన్ తొందరగా అయిపోతుంది. పైగా రెజిన్ అయిపోయే ముందు మొదట వదిలేసేది సిలికా. మీటరు ఇంకా 0 అనే చూపిస్తుంటుంది, ట్యాంకు అద్దాల మీద మాత్రం గోధుమ రంగు పొడి నాచు వస్తుంది. ఆ సిలికా జీఎఫ్‌ఓని (ఫాస్ఫేట్ తీసే ఐరన్ ఆక్సైడ్ మీడియా) కూడా తినేస్తుంది, అందుకే కొందరికి ఎంత జీఎఫ్‌ఓ వేసినా చాలదు.

సూర్యలంక నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. వద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు బురదగా ఉంటాయి, హంసలదీవి దగ్గర కృష్ణ కలుస్తుంది, తీరం పొడవునా రొయ్యల చెరువుల నీళ్లు కాలవల్లోంచి సముద్రంలోకే పోతాయి. మనం తగ్గించాలనుకునేదాన్నే క్యాన్లలో మోసుకొచ్చినట్టవుతుంది. రాళ్లు, పగడాలు ఏరుకు రావడం అసలే వద్దు. రీఫ్ కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

నీళ్ల చెక్‌లిస్ట్:

- టీడీఎస్ మీటరు ఇంట్లో ఉందా?
- డీఐ తర్వాత రీడింగ్ 0 వస్తోందా?
- 1 రాగానే రెజిన్ మారుస్తున్నారా, 10 దాకా ఆగుతున్నారా?
- నిల్వ ఉంచే డ్రమ్ముకి మూత ఉందా? నీళ్లు కొత్తగా కలిపినప్పుడు అందులో ఫాస్ఫేట్ ఒకసారి కొలిచారా?

3. మేత, శుభ్రం

ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి చేపల మేత) క్యూబ్‌ని టీ వడపోత గిన్నెలో వేసి ఆర్‌వో నీళ్లతో ఒకసారి కడిగి వేయండి. మార్కెట్ రొయ్యలు తరిగి వేసేవాళ్లు తల, పొట్టు తీసేసి కడగండి. చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. ఇసుకలో, రాళ్ల వెనక పేరుకున్న మడ్డిని నీళ్లు మార్చినప్పుడల్లా పైపుతో లాగేయండి.

నీళ్లు మార్చడం మీద ఒక లెక్క: 20 శాతం మారిస్తే నైట్రేట్ 20 శాతమే తగ్గుతుంది. 40 ఉంటే 32 అవుతుంది. నీళ్లు మార్చగానే 5కి రావాలని ఆశపడొద్దు.

ఈ మూడు అడుగులు ఒక నెల చేసి చూడండి. నన్ను అడిగినవాళ్లలో చాలామందికి మీడియా అవసరమే రాలేదు.

4. ఏ మీడియా ఏం చేస్తుంది

*ఫ్లాస్ (దూది లాంటి పొర), ఫిల్టర్ సాక్ (గుడ్డ సంచి).* కంటికి కనిపించే చెత్తని కుళ్లకముందే పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి మారిస్తేనే ఉపయోగం. పది రోజులు వదిలేస్తే ఆ చెత్త అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది. మార్చే ఓపిక లేకపోతే అసలు పెట్టకండి.

*యాక్టివేటెడ్ కార్బన్.* నీళ్లలో పసుపు రంగు, వాసన, కోరల్స్ ఒకదాని మీద ఒకటి వదిలే విషాలు, కరిగిన సేంద్రియ పదార్థాలు లాగుతుంది. నైట్రేట్‌ని, ఫాస్ఫేట్‌ని నేరుగా తీయదు. ఇది తెలియక కిలోలకి కిలోలు వేసినవాళ్లున్నారు. నేను 200 లీటర్లకి అరకప్పు వేసి మూడు నాలుగు వారాలకి మారుస్తాను. చవక కార్బన్ కొన్నిట్లోంచి ఫాస్ఫేట్ బయటికి వస్తుంది. కొన్నాక రెండు చెంచాలు డీఐ నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున ఆ నీళ్లని కొలవండి. రీడింగ్ వస్తే ఆ ప్యాకెట్ వాడొద్దు.

*సిరామిక్ మీడియా.* సీకెమ్ మ్యాట్రిక్స్ లాంటి గుల్ల రాళ్లు, రింగులు, పలకలు. బ్యాక్టీరియాకి ఇల్లు. పైపొరలో అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి, గాలి అందని లోపలి గుల్లల్లో నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మారుస్తాయి. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, కానీ ఒకసారి కుదురుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. సాక్ తర్వాత, నీళ్లు నెమ్మదిగా పారే గదిలో పెట్టాలి. కుళాయి నీళ్లతో ఎప్పుడూ కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోంచి తీసిన ఉప్పు నీళ్లలోనే జాడించండి.

*జీఎఫ్‌ఓ.* ఐరన్ ఆక్సైడ్ గుళికలు, ముదురు గోధుమ రంగులో ఉంటాయి. ఫాస్ఫేట్‌ని, సిలికాని పట్టుకుంటాయి. నైట్రేట్ మీద ఏ పనీ చేయవు. బలమైన మీడియా, దీని గురించి విడిగా చెబుతాను.

*అల్యూమినియం ఆక్సైడ్.* ఫాస్‌గార్డ్ లాంటి తెల్ల గుళికలు. సంచిలో వేసి పెట్టేయొచ్చు కాబట్టి రియాక్టర్ (మోటారుతో మీడియా గుండా నీళ్లు తోసే గొట్టం) లేనివాళ్లకి సులువు. పని కూడా తొందరగా అవుతుంది. లెదర్ కోరల్స్ కొన్ని దీనికి ముడుచుకుంటాయి, కాబట్టి సాఫ్ట్ కోరల్స్ ఎక్కువున్న ట్యాంకులో నేను వాడను.

*బయోపెల్లెట్స్.* బ్యాక్టీరియా తినే ప్లాస్టిక్ లాంటి గుళికలు. తిని పెరిగే బ్యాక్టీరియా నీళ్లలోంచి నైట్రేట్‌ని ఎక్కువగా, ఫాస్ఫేట్‌ని కొద్దిగా లాక్కుంటుంది, ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మురికిని లాగే పరికరం) బయటికి తోస్తుంది. మంచి స్కిమ్మర్ లేకపోతే ముట్టుకోవద్దు. రియాక్టర్ నుంచి వచ్చే పైపు స్కిమ్మర్ మోటారు దగ్గరే ఉండాలి.

*చీటో నాచు.* మీడియా కాదు, కానీ సంపులో చోటుంటే నేను మొదట చెప్పేది ఇదే. ట్యాంకు లైట్లు ఆరాక రాత్రి పది పన్నెండు గంటలు దీనికి లైటు వేస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ తిని పెరుగుతుంది, పెరిగింది కత్తిరించి పారేస్తే ఆ పోషకాలు బయటికి పోయినట్టే. కోరల్స్‌కి షాక్ ఉండదు.

5. మీ అంకెలకి ఏది

- నైట్రేట్ ఎక్కువ, ఫాస్ఫేట్ సరిగా ఉంది: సిరామిక్ మీడియా, చోటుంటే చీటో. తొందరైతే, స్కిమ్మర్ గట్టిదైతే, పెల్లెట్స్ సగం మోతాదు.
- ఫాస్ఫేట్ ఎక్కువ, నైట్రేట్ సరిగా ఉంది: జీఎఫ్‌ఓ, తక్కువ మోతాదు.
- రెండూ ఎక్కువ: చీటో ముందు. నెల తర్వాత కూడా ఫాస్ఫేట్ దిగకపోతే జీఎఫ్‌ఓ చేర్చండి.
- నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ ఎక్కువ: పెల్లెట్స్ వద్దే వద్దు, నైట్రేట్ లేకపోతే ఆ బ్యాక్టీరియా పెరగదు. కొంచెం జీఎఫ్‌ఓ, మేత మామూలుగా.
- రెండూ దాదాపు సున్నా, అయినా రాళ్ల మీద నాచు నిండా ఉంది: నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టు నాచే తింటోంది. చేత్తో పీకండి, నత్తల్ని చేర్చండి. మీడియా వేయకండి.
- అంకెలు బాగున్నాయి, నీళ్లు పసుపుగా ఉన్నాయి: కార్బన్ చాలు.

ఏది మొదలుపెట్టినా మూడు వారాల దాకా రెండోది చేర్చొద్దు. రెండూ ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చలేరు.

6. జీఎఫ్‌ఓ వేసే పద్ధతి, వరసగా

ఎక్కువ ట్యాంకులు దెబ్బతినేది దీనితోనే, కాబట్టి ఒక్కో అడుగూ చెబుతున్నా.

(1) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతు తీసుకోండి. మామూలు జీఎఫ్‌ఓ అయితే 200 లీటర్లకి నేను మూడు టేబుల్ స్పూన్లతో మొదలుపెడతాను.

(2) చిన్న బకెట్‌లో వేసి డీఐ నీళ్లు పోసి, బకెట్‌ని గుండ్రంగా తిప్పి వంపండి. మొదటి నీళ్లు వానకి ఎర్రమట్టి రోడ్డు మీద పారే నీళ్లలా ఉంటాయి. నాలుగైదు సార్లకి తేటపడతాయి. బియ్యం కడిగినట్టు చేత్తో పిసకొద్దు, గుళికలు నలిగి పొడి అవుతాయి.

(3) రియాక్టర్‌లో కింద స్పాంజి, మీద జీఎఫ్‌ఓ. సగానికి మించి నింపొద్దు.

(4) బయటికి వచ్చే పైపుని ముందు ఖాళీ బకెట్‌లో పెట్టి మోటారు వేయండి. నీళ్లు తేటగా వచ్చాకే పైపు సంపులోకి మార్చండి. ఈ అడుగు వదిలేస్తే ఆ ఎర్ర పొడి పోయి కోరల్స్ మీద కూర్చుంటుంది.

(5) ప్రవాహం సర్దండి. పొయ్యి సిమ్‌లో ఉన్నప్పుడు అన్నం గిన్నెలో పైన గింజలు మెల్లగా కదులుతాయే, అలా పైపొర మాత్రమే కదలాలి. మొత్తం గిరగిరా తిరిగితే అరిగి పొడి అవుతుంది, అసలు కదలకపోతే గడ్డకడుతుంది.

(6) రెండో రోజు, నాలుగో రోజు, వారానికి కొలవండి. వారంలో ఉన్నదాంట్లో నాలుగో వంతు కంటే ఎక్కువ పడిపోకూడదు. 0.30 నుంచి మొదలైతే ఈ వేగంతో 0.10 కిందకి రావడానికి నాలుగు వారాలు పడుతుంది. పట్టనివ్వండి.

(7) రియాక్టర్ నుంచి వచ్చే నీళ్లు, ట్యాంకు నీళ్లు విడివిడిగా కొలవండి. రెండూ ఒకటే అయితే ఆ జీఎఫ్‌ఓ పని అయిపోయినట్టు, మార్చేయండి.

(8) ఆల్కలినిటీ (నీళ్ల క్షారత, డీకేహెచ్‌లో కొలిచేది) కూడా చూస్తూ ఉండండి, జీఎఫ్‌ఓ దాన్ని కొంచెం దించుతుంది. పోషకాలు తక్కువున్న ట్యాంకులో ఆల్కలినిటీని 10, 11కి ఎక్కించొద్దు, ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల రాతి కోరల్స్) కొనలు తెల్లగా కాలిపోతాయి. 8 దగ్గర ఉంచండి.

7. తగ్గింది, మళ్లీ పెరిగింది

దీనికి చాలామంది భయపడి మోతాదు రెట్టింపు చేస్తున్నారు. ఫాస్ఫేట్ నీళ్లలోనే కాదు, రాళ్లకి, ఇసుకకి కూడా పట్టుకుని ఉంటుంది. నీళ్లలో తగ్గగానే రాళ్లు తమలో ఉన్నది వదులుతాయి. పాత ఇంటి గోడకి పట్టిన చెమ్మ లాంటిది, పైన తుడిస్తే సరిపోదు. ఎండు రాళ్లతో పెట్టిన ట్యాంకుల్లో ఇది నెలల తరబడి ఉంటుంది. మోతాదు పెంచకుండా, అయిపోయిన మీడియాని సమయానికి మారుస్తూ పోండి. ప్రతిసారీ రీడింగ్ ఎక్కే ఎత్తు తగ్గుతూ వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

8. తప్పులు, సర్దుబాట్లు

నాకు జరిగింది చెబుతాను. ఫాస్ఫేట్ 0.28 ఉంది, దుకాణంలో పూర్తి మోతాదు వేయమన్నారు, వేశాను. నాలుగో రోజుకి మీటరు 0.00. సంతోషపడ్డాను. ఆరో రోజు జోయాలు (పువ్వుల్లాంటి చిన్న కోరల్స్) విచ్చుకోలేదు, హామర్ కోరల్ లోపలికి ముడుచుకుపోయింది. పదో రోజున ఇసుక మీద చీమిడి లాంటి గోధుమ తీగలు, వాటి కొసల్లో గాలి బుడగలు. లైట్లు ఆరాక తగ్గడం, మధ్యాహ్నానికి మళ్లీ నిండిపోవడం. డైనోలు, అంటే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు. వాటిని వదిలించుకోవడానికి మూడు నెలలు పట్టింది, హామర్ దక్కలేదు. ఇప్పటికీ ఆ 0.00 పక్కన తేదీ వేసిన పేజీ పుస్తకంలో అలాగే ఉంచుకున్నాను.

మీకు ఏది కనిపిస్తే ఏం చేయాలో:

- కోరల్స్ రంగు పాలిపోతున్నాయి, పోషకాలు సున్నా: ఆ రోజే జీఎఫ్‌ఓ, పెల్లెట్స్ తీసేయండి. మేత పెంచండి. స్కిమ్మర్ రాత్రి మాత్రమే నడపండి.
- బుడగల గోధుమ తీగలు: నీళ్లు మార్చడం ఆపండి, నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దాటేలా చూడండి, తీగల్ని సన్న పైపుతో సాక్‌లోకి లాగండి.
- పెల్లెట్స్ వేశాక నీళ్లు పాలలా మారాయి: బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. ఎయిర్ స్టోన్ వేయండి, పెల్లెట్స్ సగం తీయండి.
- జీఎఫ్‌ఓ గడ్డకట్టింది: రియాక్టర్‌ని మెల్లగా తట్టండి, విడిపోకపోతే మార్చండి. వారానికోసారి తడితే ఈ సమస్య రాదు.
- సిరామిక్ పెట్టాక నైట్రేట్ పెరిగింది: మధ్యలో మడ్డి చేరింది. ఉప్పు నీళ్లలో జాడించి ముందు సాక్ పెట్టండి.

9. కరెంటు పోయినప్పుడు

మూసి ఉండే రియాక్టర్‌లో నీళ్లు ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. పెల్లెట్స్‌లో ఇది ఇంకా తొందర. గంటల తరబడి అలా ఉండి కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగితే, కుళ్లిన గుడ్డు వాసన నీళ్లు నేరుగా చేపల మీదకి వస్తాయి. ఎండాకాలంలో వేడి నీళ్లలో ముందే ఆక్సిజన్ తక్కువ.

కరెంటు రెండు గంటలు దాటి పోతే:

- ఇన్వర్టర్ మీద ముందు నీళ్లు తిప్పే మోటారు, ఎయిర్ పంపు. లైట్లు, రియాక్టర్లు తర్వాత.
- రియాక్టర్ స్విచ్ ఆపేసి ఉంచండి, కరెంటు వచ్చినా దానంతటది తిరగకూడదు.
- తిరిగి వేసేముందు పైపుని బకెట్‌లో పెట్టి మొదటి రెండు లీటర్లు పారబోయండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి.
- వాసన పోకపోతే జీఎఫ్‌ఓ, కార్బన్ పారేసి కొత్తది వేయండి. పెల్లెట్స్‌ని ఉప్పు నీళ్లలో బాగా జాడించి మళ్లీ పెట్టొచ్చు.
- పారబోసిన రెండు లీటర్లకి బదులు కలిపి ఉంచిన ఉప్పు నీళ్లే పోయండి, డీఐ నీళ్లు కాదు.